చట్టసభలో నువ్వుగింజ

(ఉత్సవాల రెండవనాటి సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ప్రసంగాన్ని సంచికలో అచ్చువేస్తామని కార్యదర్శిగారు ముందే చెప్పారు. కనుక చదవగలిగిన పెద్దలు ఇందులోని నువ్వుల సంగతీ, బియ్యం సంగతీ అయినా పిల్లలకు చదివి వినిపించవలసిందిగా మొదటే మనవి చేసుకుంటున్నాము. తక్కిన రాజకీయపు సంగతులు విన్నా సరే, వినకపోయినా సరే.

మా చదువు ధాన్యాల రసాయనం. చాలా ఏళ్ళు ప్రయోగశాలలో పిండీ, పిండిలోని మాంసకృత్తులూ తప్ప మరో లోకం ఎరగకుండా గడిపాము. ఆ తరువాత 2018 సెప్టెంబరు మొదలు 2019 ఆగస్టు వరకూ ఒక ఏడాది వాషింగ్టనులో, అమెరికా కాంగ్రెసులో, ఒక సభ్యుని కార్యాలయంలో ఆహార వ్యవహారాలు చూసే బల్ల దగ్గర కూర్చున్నాము. ఇలా శాస్త్రవేత్తలను చట్టసభకు పంపించే ఏర్పాటు 1973 నుంచీ ఉన్నది. భత్యం శాస్త్రజ్ఞుల సంఘం ఇస్తుంది, పని సభ్యుడికి చేస్తాము. అక్కడ మాకు ఓటు లేదు, పెత్తనం లేదు. అడిగినప్పుడు చెప్పటం, అడగనప్పుడు కూడా సమయం చూసి చెప్పటం, అంతే. ఏ సభ్యుడు, ఏ పార్టీ అని మాత్రం అడగకండి. చెప్పామంటే ఈ హాలులో సగం మంది ఇక్కడితో వినటం మానేస్తారు. మిగతా సగం మంది మేము చెప్పినదానికంటే ఎక్కువ నమ్ముతారు. రెండూ ప్రమాదమే.

కాంగ్రెసుకు ఒకప్పుడు సొంతంగా శాస్త్ర విషయాలు పరిశీలించి చెప్పే కార్యాలయం ఒకటి ఉండేది. 1972లో పెట్టారు, 1995లో డబ్బు ఆపి మూసివేశారు. ఆ లోటు మాబోటి ఏడాది అతిథులు పూడ్చగలిగింది కాదు. అయినా ఇంట్లో పెద్దదిక్కు లేనప్పుడు పక్కింటివాళ్ళ సలహాకే విలువ ఎక్కువ కదా.

చట్టసభ అనగానే అందరికీ ఆ తెల్లటి గోపురం కళ్ళముందు మెదులుతుంది. పని ఎక్కువగా జరిగేది వీధికి అవతల ఉన్న కార్యాలయ భవనాల్లో, ఇరుకు గదుల్లో. గదికి నాలుగైదు బల్లలు, గోడన ఒక టెలివిజను, ఎవరి చెవికి వారి ఫోను. బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు మన పెద్దపిల్లల ఈడువాళ్ళు. పాతికేళ్ళ కుర్రవాడు పొద్దున పాల ధర చూస్తాడు, మధ్యాహ్నం తపాలా చూస్తాడు, సాయంత్రం మాజీ సైనికుల పింఛను చూస్తాడు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. ఏ విషయమైనా రాత్రికి రాత్రి పట్టుకోగలరు. లోతుకు పోవటానికే వాళ్ళకు వ్యవధి ఉండదు. సభ్యుడికి అందేది ఒక్క పేజీ. ఆ పేజీలో మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి: ఇందువల్ల ఎవరికి ఏమవుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎవరు వద్దంటారు. శాస్త్రం ఏమంటున్నది అన్నది ఈ మూడింటిలో మొదటిదానిలో ఇమిడి ఉంటుంది. ఇమడకపోతే బయట నిలబడుతుంది.

ఇక ఆహారం అన్న ఒక్క మాటకు అక్కడ ఎంతమంది యజమానులో చెబితే మీకు నవ్వు వస్తుంది. బడిలో పిల్లవాడి కంచం ఒకటే. ఆ కంచానికి డబ్బు ఇచ్చే సంఘం ఒకటి, ఆ భోజన పథకానికి నియమాలు చేసే విద్యాసంఘం ఇంకొకటి, అందులోని పంటకు మద్దతు చూసే వ్యవసాయ సంఘం మరొకటి, దాని మీది లేబులు ఎలా ఉండాలో చూసే సంఘం వేరొకటి. ఇది ప్రతినిధి సభ లెక్క. సెనేటులో లెక్క మళ్ళీ వేరు. ప్రభుత్వ శాఖల్లోనూ ఇదే తీరు. దుకాణంలో గడ్డకట్టించి అమ్మే జున్ను పిజ్జా ఆహార ఔషధ శాఖ, అదే ఎఫ్.డి.ఏ., తనిఖీ కిందికి వస్తుంది. దాని మీద నాలుగు మాంసపు ముక్కలు వేస్తే వ్యవసాయ శాఖ కిందికి పోతుంది. అటు ముక్కలు, ఇటు ముక్కలు అని మేము హాస్యానికి అనుకునేవాళ్ళము.

మేము చేరిన కొత్తలో వ్యవసాయ బిల్లు ఊపులో ఉన్నది. ఇది అయిదేళ్ళకు ఒకసారి వచ్చే తిరునాళ్ళ వంటిది. 2018 డిసెంబరు 20న సంతకమైన ఆ చట్టం ఖర్చు పదేళ్ళకు 86,700 కోట్ల డాలర్లు అని అంచనా కట్టారు. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా పంటలకు పోయేది కాదు, పేద కుటుంబాలకు తిండి కొనుక్కోవటానికి ఇచ్చే సాయానికి పోయేది. వ్యవసాయ బిల్లు అని పేరు, అన్నం బిల్లు అసలు సంగతి. పట్నపు సభ్యుడు పల్లె రైతుకూ, పల్లె సభ్యుడు పట్నపు పేదకూ ఓటు వేయటానికి ఈ రెంటినీ ఒక మూటలో కట్టారు. శాస్త్రజ్ఞుడికి ఈ మూటకట్టటం మొదట అసహ్యంగా కనిపిస్తుంది. కొన్నాళ్ళు చూసిన తరువాత, ఈ ముడి విప్పితే రెండూ నేలమీద పడతాయని తెలుస్తుంది.

ముసాయిదాను వాక్యం వాక్యం పట్టి దిద్దే సమావేశాలు చూడదగ్గవి. మనవాళ్ళు సంధులూ సమాసాలూ తర్కించినట్టు అక్కడ ఒక్కొక్క క్రియాపదం మీద తర్కం జరుగుతుంది. 'శాఖవారు తనిఖీ చేయవలెను' అని ఉన్నచోట 'చేయవచ్చును' అని మార్చారనుకోండి, చదివేవాడికి తేడా కనపడదు. మొదటిది రాస్తే శాఖ చేసి తీరాలి, చేయకపోతే కోర్టుకు లాగవచ్చు. రెండోది రాస్తే డబ్బుంటే చేస్తారు, లేకపోతే లేదు. 'వలెను'కూ 'వచ్చును'కూ మధ్య ఎందరి ఆరోగ్యం వేలాడుతూ ఉంటుందో ఆ ఏడాదిలో చూశాము.

ఆ మాటకు పాత ఉదాహరణ ఒకటి ఉన్నది. 1958లో ఆహార చట్టానికి ఒక షరతు చేర్చారు. డిలేనీ అనే సభ్యుడి పేరుతో దాన్ని పిలుస్తారు. మనిషికి గాని జంతువుకు గాని కాన్సరు కలిగిస్తుందని తేలిన పదార్థాన్ని ఆహారంలో కలపటానికి ఒప్పుకోరాదు అని దాని సారాంశం. ఎంత మోతాదు అన్న మాట అందులో లేదు. 1977లో సాకరిన్ ఎక్కువ మోతాదులో తిన్న మగ ఎలుకలకు మూత్రాశయంలో కాన్సరు వస్తున్నదని కెనడాలో చేసిన ప్రయోగం బయటపడింది. షరతు ప్రకారం ఎఫ్.డి.ఏ. నిషేధం ప్రతిపాదించింది. అప్పటికి ఈ దేశంలో అమ్మకానికి ఉన్న కృత్రిమ తీపి అదొక్కటే. మధుమేహం ఉన్నవాళ్ళు, బరువు తగ్గాలనుకునేవాళ్ళు కాంగ్రెసును ఉత్తరాలతో ముంచెత్తారు. ఆ ఏడాది నవంబరులోనే నిషేధాన్ని ఆపుతూ, సీసాల మీద హెచ్చరిక రాయమంటూ, ఇంకా పరిశోధించమంటూ చట్టం చేశారు. గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ పోయారు. చివరకు తేలినదేమిటంటే, ఎలుక మూత్రపు తీరు వేరు. ఎక్కువ మోతాదు సాకరిన్‌తో అందులో సన్నని పలుకులు ఏర్పడి మూత్రాశయపు పొరను గీకుతాయి. మనిషికి ఆ బాధ లేదు. 2000లో హెచ్చరిక తీసివేశారు.

ఓట్ల భయంతో శాస్త్రాన్ని తోసిపుచ్చారని అప్పట్లో చాలామంది శాస్త్రజ్ఞులు కాంగ్రెసును తిట్టారు. మా అభిప్రాయం వేరు. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళకు ఎలుక మూత్రం సంగతి తెలియదు, నిజమే. కానీ తమ ఇంట్లో చక్కెర తినకూడని మనిషి ఉన్నాడని తెలుసు. చట్టానికి తెలియనిది వాళ్ళు తెలియజేశారు. శాస్త్రం తన లెక్క సరిచూసుకోవటానికి వ్యవధి దొరికింది. నిషేధించి ఉంటే ఆ వ్యవధి ఎవరూ అడిగి ఉండరు.

మా ఏడాదిలో ఒక ముప్పై అయిదు రోజులు విచిత్రంగా గడిచాయి. 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకూ ప్రభుత్వ శాఖలు కొన్ని డబ్బు లేక మూతపడ్డాయి. చట్టసభ పద్దు ముందే ఆమోదం పొందింది గనుక మా భవనంలో జీతాలు వచ్చాయి. ఎఫ్.డి.ఏ. పద్దు కాలేదు గనుక తిండి కార్ఖానాల మామూలు తనిఖీలు ఆగాయి. ఆ నవంబరులోనే రొమెయిన్ ఆకుకూర తినవద్దని దేశమంతటికీ చెప్పవలసి వచ్చింది. దానిలో ప్రమాదకరమైన సూక్ష్మక్రిములు ఉన్నాయని తేలింది. అలాంటి ఋతువులో తనిఖీదార్లు ఇళ్ళలో కూర్చున్నారు. జనవరి మధ్యలో ప్రమాదం ఎక్కువ ఉన్నచోట్లకు జీతం లేకుండానే కొందరు తిరిగి వచ్చి పనిచేశారు. ఆ మనుషులకు ఏ సభలోనూ శాలువా కప్పలేదు. అందుకని ఇక్కడ వాళ్ళ మాట ఎత్తాము.

ఇప్పుడు నువ్వుల సంగతి.

ఆహారం పొట్లం మీద ఫలానా పదార్థం ఉన్నదని స్పష్టంగా పేరు పెట్టి రాసి తీరాలని 2004లో చట్టం వచ్చింది. 2006 జనవరి 1 నుంచి అమలైంది. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలూ పీతల జాతి, బాదం జీడిపప్పు వంటి చెట్టు గింజలు, గోధుమ, వేరుశనగ, సోయా. ఈ ఎనిమిదీ ఎవరికి పడవో వాళ్ళకు ప్రాణాంతకం కావచ్చు గనుక ఈ నిబంధన. అందులో నువ్వులు లేవు. యూరపులోనూ కెనడాలోనూ ఆస్ట్రేలియాలోనూ నువ్వులను అంతకుముందో ఆ తరువాతో జాబితాలో చేర్చుకున్నారు. ఇక్కడ మాత్రం లేదు. నువ్వులను 'స్పైసెస్' అన్న మాట కిందా, 'నేచురల్ ఫ్లేవర్స్' అన్న మాట కిందా దాచవచ్చు, అది చట్టసమ్మతమే. నోట్లో నువ్వుగింజ నానదని మన సామెత. ఈ దేశపు లేబుళ్ళ నోట్లో అది ఏళ్ళ తరబడి నానింది.

2014లో ఒక వినియోగదారుల సంస్థ ఎఫ్.డి.ఏ.కు అర్జీ పెట్టింది. 2018 అక్టోబరులో, అంటే మేము చేరిన రెండో నెలలో, ఆ శాఖవారు ఈ విషయమై తెలిసినవాళ్ళు వివరాలు పంపండని ప్రజలను అడిగారు. 2019లో అచ్చయిన ఒక పెద్ద సర్వే ప్రకారం ఈ దేశంలో నువ్వులు పడవని చెప్పినవాళ్ళు పది లక్షలకు పైనే. అదే ఏడాది ఏప్రిల్‌లో నువ్వులను తొమ్మిదో పదార్థంగా చేర్చే బిల్లు ప్రతినిధి సభకు వచ్చింది. అంతకుముందూ తరువాతా ఆ పిల్లల తల్లిదండ్రులు గుంపులుగా కార్యాలయాలకు వచ్చేవాళ్ళు. ఒక్కొక్క గుంపుకు పదిహేను నిముషాలు.

ఒకనాడు వచ్చిన గుంపులో ఒక తెలుగు తల్లి ఉన్నది. గోదావరి జిల్లా మనిషి, శివారు పట్నంలో ఉద్యోగం. ఎనిమిదేళ్ళ కొడుక్కు నువ్వులు పడవు. స్నేహితుల ఇంట్లో ఒక జంతిక కొరికాడు, ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడు. మిగతా తల్లులు ఫోటోలు తెచ్చారు. ఈవిడ మూడు పొట్లాలు తెచ్చింది. ఒక పచ్చడి సీసా మీద 'జింజెలీ ఆయిల్' అని ఉన్నది. ఒక మిఠాయి పెట్టె మీద 'తిల్' అని ఉన్నది. ఒక జంతికల సంచీ మీద 'స్పైసెస్' అని మాత్రమే ఉన్నది. వరసగా బల్ల మీద పెట్టి, "ఈ మూడింటిలో నువ్వులు ఎందులో ఉన్నాయో చెప్పండి" అని అక్కడి కుర్రవాణ్ణి అడిగింది. అతనికి హాంబర్గర్ బన్ను మీద చల్లే గింజలు తెలుసు, అరబ్బుల తహినీ తెలుసు. జింజెలీ ఏమిటో తెలియదు. తిల్ ఏమిటో తెలియదు. "మా వాడి బడిలో నర్సుకూ తెలియదు నాయనా" అన్నదావిడ.

ఆవిడ వెళ్ళిన తరువాత ఆ కుర్రవాడు మా బల్ల దగ్గరకు వచ్చి, ఈ గింజకు ఇంకా ఎన్ని పేర్లు ఉన్నాయని అడిగాడు. అర పేజీ రాసి ఇచ్చాము. జింజెలీ, తిల్, తహినీ, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళు అనే బెన్నె. బాగా శుద్ధిచేసిన నూనెలకు చట్టంలో మినహాయింపు ఉంది గాని, మన గానుగ నూనెలో మాంసకృత్తుల అంశం మిగులుతుంది గనుక దానికి ఆ మినహాయింపు కుదరదని కూడా రాశాము. ఇరవై ఏళ్ళు ధాన్యాల రసాయనం చేసిన మనుషులం. ఆ ఏడాది మొత్తం మీద మేము రాసినవాటిలో ఎక్కువమంది చదివినది ఆ అర పేజీ. అందులో రసాయనం ఒక్క వాక్యం. తక్కినదంతా మన వంటింటి భాష.

బిల్లు ఆ కాంగ్రెసు గడువులోగా చట్టం కాలేదు. మళ్ళీ పెట్టారు. రెండు పార్టీలవాళ్ళూ కలిసి నడిపించారు. 2021 ఏప్రిల్ 23న సంతకమైంది, 2023 జనవరి 1 నుంచి అమలుకు వచ్చింది. అప్పటికి మేము ఆ బల్ల వదిలి చాలా కాలమైంది. ఘనత మాది అని చెప్పుకోవటానికి ఇందులో ఏమీ లేదు.

ఇక్కడితో ఆగితే కథ బాగుంటుంది. ఆగలేదు. అమలుకు వచ్చిన కొన్ని వారాలకే ఆ తల్లి ఫోను చేసింది. "అయిదేళ్ళుగా మావాడు తింటున్న బన్నులో ఇప్పుడు నువ్వుల పిండి కలుపుతున్నారటండీ. లేబులు మీద రాశారు. ఇదేం చట్టం చేశారండీ మీరు?" అని. ఆవిడ చెప్పింది నిజం. అంతకు మునుపు నువ్వులు లేని రొట్టెల్లో కొన్ని కంపెనీలు కావాలని కొద్దిగా నువ్వుల పిండి వేసి, ఉన్నదని రాయటం మొదలుపెట్టాయి. పత్రికల్లోనూ వచ్చింది.

ఎందుకు? 2011లో వచ్చిన ఆహార భద్రత చట్టం కింద, జాబితాలో ఉన్న పదార్థం ఒక సరుకు నుంచి ఇంకొక సరుకులోకి అంటకుండా కార్ఖానావాళ్ళు జాగ్రత్త పడాలి. నువ్వులు జాబితాలో చేరగానే ఆ బాధ్యత వాటికీ వచ్చింది. రొట్టెల కార్ఖానాలో ఒకే లైను మీద పొద్దున నువ్వుల బన్నూ, మధ్యాహ్నం మామూలు బన్నూ నడుస్తాయి. నువ్వుగింజ చిన్నది, జారుతుంది, పట్టీల సందుల్లో ఇరుక్కుంటుంది. నీళ్ళు కొట్టి కడగటానికి రొట్టెల లైను అనువుగా ఉండదు. 'ఉండవచ్చును' అని రాసి చేతులు దులుపుకోవటం శుభ్రం చేయటానికి బదులు కాదు. అందుకని అన్నింటిలోనూ వేసేసి 'ఉన్నది' అని రాశారు. చట్టం దాన్ని నిషేధించలేదు. లేబులు మీద ఒక మాట చేర్చటానికి ఎంతవుతుందో ఎవరైనా లెక్క వేయగలరు. లైను కడగటానికి ఎంతవుతుందో కార్ఖానాలో పనిచేసినవాడికే తోస్తుంది. అలాంటివాళ్ళు చట్టసభ గదుల్లోకి కంపెనీ తరఫున వస్తారు గాని, పిల్లవాడి తరఫున రారు.

ఆవిడతో ఇదంతా చెప్పి, చట్టం తప్పని మాత్రం మేము అనలేదు. పచ్చడి సీసా మీద 'సెసమీ' అన్న మాట ఇప్పుడు ఉండి తీరాలి. బడి నర్సుకు అది తెలుస్తుంది. బన్ను ఒకటి పోయింది, కనపడని జంతిక కనపడింది. ఆ పిల్లవాడి లెక్కలో లాభమెంతో నష్టమెంతో వాళ్ళ ఇంట్లోవాళ్ళే చెప్పగలరు. ఆవిడ ఇప్పుడు బన్ను ఇంట్లోనే చేస్తున్నది.

ఇక రెండో సంగతి, బియ్యం. దీని మూలం భీమవరంలో ఉన్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారని పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియాలి. 1923లో ఈ దేశం వచ్చారు. హార్వర్డులో పనిచేశారు, తరువాత లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకు అనే అర్థం వచ్చే లాటిను మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. మన తోటకూరలోనూ పాలకూరలోనూ ఉండే విటమిను అది. 1948లో ఆయన పోయారు.

గర్భం ధరించిన తొలి నాలుగు వారాల్లోనే శిశువు మెదడుకూ వెన్నుకూ మూలమైన నాళం మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ వేళకు ఒంట్లో ఫోలిక్ ఆమ్లం చాలినంత లేకపోతే ఆ నాళం మూసుకోకుండా పోయే ప్రమాదం పెరుగుతుంది. ఈ సంగతి 1991 నాటికి బ్రిటనువారి పరిశోధనలో గట్టిగా రుజువైంది. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ 1992లో, గర్భం రాదగిన వయసు స్త్రీలందరూ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని చెప్పింది. మాత్రలు వేసుకోండని చెబితే అందరూ వేసుకోరు గదా. అందుకని 'ఎన్రిచ్‌డ్' అని రాసి అమ్మే పిండిలోనూ రొట్టెలోనూ బియ్యంలోనూ కలపాలని 1996లో ఎఫ్.డి.ఏ. నియమం చేసింది. 1998 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఇందువల్ల ఏటా సుమారు 1,300 మంది శిశువులు ఆ లోపం లేకుండా పుడుతున్నారని ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రం అంచనా.

భీమవరంవాడి బృందం తయారుచేసిన పదార్థం ఇలా ఈ దేశంలో ప్రతి తెల్ల రొట్టెలోకీ చేరింది. మన వంటింట్లోకి మాత్రం అంతగా చేరలేదు. మనం భారతీయ దుకాణంలో కొనే సోనామసూరి బస్తా, బాస్మతి బస్తా మీద చూడండి. సాధారణంగా 'ఎన్రిచ్‌డ్' అన్న మాట ఉండదు. చపాతీకి కొనే ఆటా పొట్టుతో ఉన్న పిండి గనుక దానికి ఆ నియమం పట్టదు. ఎవరైనా అమెరికన్ దుకాణంలో ఎన్రిచ్‌డ్ బియ్యం కొన్నారే అనుకుందాము. వాటి సంచుల మీద వండేముందు కడగవద్దు, గంజి వార్చవద్దు అని రాసి ఉంటుంది. విటమిను గింజకు పైపూతగా ఉంటుంది, కడిగితే నీళ్ళలో పోతుంది. మనవాళ్ళలో బియ్యం కడగకుండా ఎసట్లో పోసే ఇల్లాలు ఉన్నదా? మూడుసార్లు కడుగుతాము. మా అమ్మగారైతే కడుగునీళ్ళు తేటగా వచ్చేవరకూ వదలరు.

ఈ నియమం ఎవరి వంటిల్లు చూసి రాశారో తెలుస్తూనే ఉన్నది. మెక్సికో నుంచి వచ్చినవాళ్ళకూ ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్ళు తినేది మొక్కజొన్న మాసా పిండి. నియమంలో ఆ పిండి లేదు. వాళ్ళ శిశువుల్లో ఈ లోపం ఎక్కువగా కనపడుతూ వచ్చింది. 2012లో కొన్ని సంస్థలు అర్జీ పెట్టాయి. 2016లో ఎఫ్.డి.ఏ. ఆ పిండిలో కలపటానికి అనుమతి ఇచ్చింది. గమనించండి, 'వచ్చును' అన్నది, 'వలెను' అనలేదు. చాలా కంపెనీలు కలపలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసి, 2026 జనవరి 1 నుంచి అక్కడ 'వలెను' చేసింది.

సోనామసూరి తరఫున ఎవరు అర్జీ పెట్టారు? మేము ఉన్న ఏడాదిలో ఆ గదులకు బీటు చక్కెర రైతులు వచ్చారు, పాల సంఘాలవాళ్ళు వచ్చారు, వరి మిల్లులవాళ్ళు వచ్చారు, కోళ్ళవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరు ఒక కాగితం ఇచ్చి ఒక కోరిక చెప్పి పోయేవాళ్ళు. మన ప్రాంతపు సంఘాలవాళ్ళూ వచ్చారు. సభ్యునితో ఫోటో దిగి, పూలగుచ్ఛం ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన తరువాత ఆ కుర్రవాడు, "మంచివాళ్ళు, వాళ్ళకేం కావాలి?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

అర్జీ అంటే పెద్ద వ్యవహారమని జంకవద్దు. శాఖ ఏదైనా నియమం మార్చాలనుకుంటే ముందు ప్రకటించి, ఇన్నాళ్ళలోగా ఎవరైనా అభిప్రాయం పంపవచ్చని గడువు ఇస్తుంది. వచ్చినవాటిని చదివి జవాబు చెప్పవలసి ఉంటుంది, అది 'వలెను'లోని పని. సభ్యుల కార్యాలయానికి వచ్చే ప్రతి ఫోనునూ ఏ విషయం మీద వచ్చిందో లెక్క రాసుకుంటారు. వేసవిలో కాలేజీ పిల్లలను పనికి తీసుకుంటారు. ఆ ఫోన్లు ఎత్తేదీ ఎక్కువగా వాళ్ళే. ఇక్కడ కూర్చున్న పిల్లల్లో వచ్చే వేసవికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఉంటే దరఖాస్తు ఎలా రాయాలో మేము కూర్చుని చెబుతాము. బయట పుస్తకాల బల్ల పక్కనే ఉంటాము. పెళ్ళయిన ఆడపిల్లలు, కాబోయేవాళ్ళు మాత్రం ఏ నియమం కోసమూ ఆగకుండా 400 మైక్రోగ్రాముల మాత్ర సంగతి ఈ వారంలోనే వైద్యులను అడగండి.

భోజనాలకు వేళయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట. ఉదయం వంటశాలలోకి వెళ్ళి వంటవారిని అడిగాము. ఈ పూట నువ్వులు పడినవి నాలుగు: పులిహోర, గుత్తివంకాయ కూర, కాకరకాయ కారం, పిల్లల వరసలో పెట్టే చిమ్మిలి ఉండలు. గిన్నెల ముందు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చీటీలు రాసి పెట్టించాము. గరిటెలు మార్చవద్దని వడ్డించేవారికి చెప్పాము.